7 ఏళ్ల పాపకి మార్లే దయ్యం ఘట్టం ఎలా చదివి వినిపించాలి?

1843లో డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ని రాత్రి పడుకునే ముందు పిల్లలిద్దరికీ చదివి వినిపిస్తున్నాను. బాబుకి 10 ఏళ్లు, పాపకి 7. మొదటి అధ్యాయంలో పిసినారి స్క్రూజ్ దగ్గరికి, చనిపోయిన అతని వ్యాపార భాగస్వామి మార్లే దయ్యమై గొలుసులు ఈడ్చుకుంటూ రాగానే పాప చెవులు మూసుకుంటోంది, ఆ రాత్రి ఒంటరిగా పడుకోనంటోంది. పగటిపూట చదివినా అంతే. ఆ భాగం వదిలేసి చూశాను. స్క్రూజ్ ఎందుకు మారాడో ఇద్దరికీ అంతుపట్టలేదు. అసలు ఆ భయమే కథకి ప్రాణం. బొమ్మల సంక్షిప్త పుస్తకం తెస్తే బాబుకి విసుగు. కుంటికాలి చిన్నారి టిమ్ గురించి మాత్రం పాపే మళ్లీ మళ్లీ అడుగుతోంది, అందుకే మానేయాలని లేదు. ఈ వయసు పిల్లలకి ఇది చదివి వినిపించినవాళ్లు చెప్పండి: కథ దెబ్బతినకుండా మార్లే ఘట్టాన్ని మీరెలా దాటించారు?