స్ప్రింగ్‌లో ఒక రైతు లెక్క ఇంకో రైతు బిల్లులో కలుస్తోంది

గుంటూరు_కోడర్:
మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి స్ప్రింగ్ బూట్‌లో (జావా ఫ్రేమ్‌వర్క్) బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. ఇద్దరు గుమస్తాలు ఒకేసారి బిల్లు కొడితే లెక్కలు కలిసిపోతున్నాయి. నిన్న 32 టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన రైతుకి 50 టిక్కీల బిల్లు వచ్చింది. ఆ 18 పక్క కౌంటర్లో ఉన్న రైతువి. టిక్కీల మొత్తాన్ని సర్వీస్ క్లాసులో ఫీల్డుగా పెట్టి, ప్రతి బిల్లు మొదట్లో సున్నా చేస్తున్నాను. స్కోప్ ప్రోటోటైప్‌కి, అంటే అడిగిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు ఇచ్చేలా, మార్చినా అదే తంతు. రైతు డబ్బుతో పని, చాలా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_బీన్:
మనం ఏమీ చెప్పకపోతే స్ప్రింగ్ ప్రతి బీన్‌నీ (తను తయారుచేసే ఆబ్జెక్టుని) సింగిల్టన్‌గానే, అంటే అందరికీ ఒక్కటే ఉండేలా, చేస్తుందండి. రిక్వెస్టులు వేర్వేరు థ్రెడ్లలో నడుస్తాయి కానీ అన్నీ రాసేది ఆ ఒక్క ఆబ్జెక్టులోని ఫీల్డులోనే. ఒకరు సున్నా చేసి కూడుతుండగానే రెండోవారు వచ్చి అందులోనే కూడుతున్నారు.

ప్రోటోటైప్ ఎందుకు పనిచేయలేదంటే, రిక్వెస్టులు అందుకునే మీ కంట్రోలర్ సింగిల్టన్. అది తయారయ్యేటప్పుడు మీ సర్వీసు అందులోకి ఒక్కసారే ఇంజెక్ట్ అవుతుంది (స్ప్రింగే తెచ్చి పెడుతుంది), ఇక చివరిదాకా అదే. ప్రతిసారీ కొత్తది కావాలంటే ఆబ్జెక్ట్‌ప్రొవైడర్ ఇంజెక్ట్ చేసుకుని గెట్‌ఆబ్జెక్ట్ పిలవాలి. నన్నడిగితే మీకు అదీ అక్కర్లేదు. ఫీల్డు తీసేసి, మెథడ్‌లో లోకల్ వేరియబుల్ పెట్టండి.

మంగళగిరి_బ్యాకెండ్:
ప్రోటోటైప్‌తో నేను వేరే రకంగా దెబ్బతిన్నాను. ప్రింటర్ కనెక్షన్ మూసే కోడు ప్రీడిస్ట్రాయ్‌లో (బీన్‌ని తీసేసే ముందు నడవాల్సిన మెథడ్) రాశాను. అది ఒక్కసారి కూడా నడవలేదు. ప్రోటోటైప్ బీన్‌ని చేసి చేతికిచ్చాక స్ప్రింగ్ కంటైనర్ (బీన్లని చూసుకునే భాగం) దాని ఊసెత్తదు, మూసే పని మనదే. కనెక్షన్లు పేరుకుపోయి సాయంత్రానికి ప్రింటర్ మొరాయించేది.

తెనాలి_ఫ్రెషర్:
నాదో డౌట్ అన్నా. కన్‌స్ట్రక్టర్‌లో ఆటోవైర్డ్ ఫీల్డు (స్ప్రింగే నింపే ఫీల్డు) వాడితే నల్, అంటే ఖాళీ, వస్తోంది.

బెజవాడ_బీన్:
ముందు కన్‌స్ట్రక్టర్, తర్వాత ఫీల్డు ఇంజెక్షన్, ఆ తర్వాతే పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ (అన్నీ నిండాక నడిచే మెథడ్) తమ్ముడూ. నువ్వు అడిగే సమయానికి ఫీల్డు ఇంకా నిండలేదు. కావాల్సిన బీన్‌ని కన్‌స్ట్రక్టర్ పారామీటర్‌గానే తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్‌కి మారు, ఫీల్డుని ఫైనల్ కూడా చేసుకోవచ్చు. రెండు బీన్లు ఒకదానికొకటి కావాలంటే మాత్రం స్ప్రింగ్ బూట్ 2.6 నుంచి ఫీల్డు ఇంజెక్షన్‌తో ఉన్నా స్టార్టప్‌లోనే ఆపేస్తుంది. అప్పుడు సెట్టింగ్ మార్చి దాటేయకు, ఉమ్మడి పనిని మూడో క్లాసులోకి తీయి.

గుంటూరు_కోడర్:
లోకల్ వేరియబుల్ చేశాను. రెండు సిస్టమ్‌ల నుంచి ఒకేసారి నలభైసార్లు కొట్టి చూశాం, 32, 18 విడివిడిగానే వచ్చాయి. చాలా థాంక్సండి. ఈ వారం బిల్లులన్నీ కాటా చీటీలతో సరిచూస్తున్నాం. ఇంకో రెండింటిలో తేడా దొరికింది, ఆ రైతులకి ఇప్పుడే ఫోన్ చేయించాను.