పాత స్టీల్ రోడ్ ఫ్రేమ్‌ని ఫిక్స్‌డ్ గేర్‌గా మార్చేటప్పుడు హ్యాంగర్, బాస్‌లు కోసేయవచ్చా?

చికాగో_గాలి:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1980ల మొదట్లో జపాన్‌లో తయారైన రోడ్ సైకిల్ ఒకటుంది. లగ్గులతో, అంటే గొట్టాల కొసలు దూరే తొడుగులతో, అతికిన స్టీల్ ఫ్రేమ్. సీట్ ట్యూబ్ (సీటు కింది గొట్టం) మీద టాంగే నంబర్ 2 అని గొట్టం రకం చెప్పే స్టిక్కర్ ఇప్పటికీ చదవడానికి వస్తోంది. ముందు 52, 42 పళ్ల చక్రాలు, వెనక ఆరు గేర్ల ఫ్రీవీల్, 27 అంగుళాల రిమ్ములు, గేరు మీటలు డౌన్ ట్యూబ్ (ముందు నుంచి పెడళ్ల వైపు ఏటవాలుగా దిగే గొట్టం) మీద. గేర్లు మార్చే వెనక డిరేలర్ స్ప్రింగు పోయింది, ఫ్రీవీల్ పళ్లు బాగా అరిగాయి. ఈ చలికాలం ఇంట్లోనే దీన్ని ఫిక్స్‌డ్‌గా కట్టుకోవాలనుకుంటున్నాను. కొత్తవాళ్ల కోసం ఒక మాట: ఫిక్స్‌డ్‌లో ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరుగుతూనే ఉంటాయి.

నాకు కావలసింది శుభ్రమైన ఫ్రేమ్. డిరేలర్ తగిలించే హ్యాంగర్, మీటలు బిగించే బాస్‌లు (గొట్టానికి అతికిన చిన్న దిమ్మెలు), కేబుల్ గైడ్లు అన్నీ గ్రైండర్‌తో తీసేసి, బ్రేక్ రంధ్రాలు పూడ్చి, పౌడర్ కోటింగ్ చేయిద్దామని ఆలోచన. బ్రేకులు అక్కర్లేదు, కాళ్లతోనే ఆపొచ్చంటున్నారు. ఇక్కడ చికాగోలో అంతా చదును నేల, ఎత్తుపల్లాలు లేవు. పాత సైకిల్‌ని ఇలా చేయడం తప్పని ఒక మిత్రుడు గట్టిగా వాదిస్తున్నాడు. మీరేమంటారు?

లగ్గులవాడు:

మీ మిత్రుడి మాటే నా మాట. అసలు ఫిక్స్‌డ్ చేయకండి. 1985 ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ విలువ పెరిగి జపాన్ సైకిళ్లు అమెరికాలో ఖరీదైపోయాయి, తయారీ చాలావరకు తైవాన్‌కి వెళ్లిపోయింది. మీ దగ్గరున్నది సరిగ్గా దానికి ముందు కాలపుది. మధ్యరకం ధరకే అంత నాణ్యంగా లగ్గుల ఫ్రేములు చేసిన ఆ కొన్నేళ్లు మళ్లీ రావు. డిరేలర్ స్ప్రింగు పోతే ఇంకో డిరేలర్ వేయండి, ఫ్రీవీల్ మార్చండి. రెండూ ఇప్పటికీ దొరుకుతాయి. ఫిక్స్‌డ్ తొక్కాలనే ఉంటే పందేల ట్రాక్ మీద ఫిక్స్‌డ్ తొక్కడానికే చేసిన ట్రాక్ ఫ్రేమ్ కొనుక్కోండి. జపాన్‌లో కేరిన్ అనే ట్రాక్ సైకిల్ పందేల కోసం చేసిన స్టీల్ ఫ్రేములు పాతవి అమ్మకానికి వస్తూనే ఉంటాయి. వేరే పనికి పుట్టిన ఫ్రేమ్‌ని కోసి దానికి తెచ్చిపెట్టుకోవడం దేనికి?

పెడల్_పవర్:

సైకిల్ ఆయనది, డబ్బు ఆయనది, ఇంట్లో చేసుకుంటున్నాడు. ఇలాంటి ఫ్రేములు లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి, చాలావరకు గ్యారేజీల్లో తుప్పు పడుతున్నాయి. రోడ్డు మీద తిరిగే సైకిల్ ఏదైనా మూలన పడి ఉన్నదానికంటే మేలే. కోసుకోండి బ్రదర్.

ఆకురాయి:

గాలి గారూ, ఫిక్స్‌డ్ కట్టండి. ఆ విషయంలో నేను మీ పక్షమే. గ్రైండర్‌ని మాత్రం ఆ ఫ్రేమ్ దగ్గరికి రానివ్వకండి. పాత వస్తువుల మీద ప్రేమతో చెప్పడం లేదు, గొట్టం సంగతి తెలిసి చెబుతున్నాను.

టాంగే నంబర్ 2 బటెడ్ గొట్టం. లగ్గుల దగ్గర, అంటే చివర్లలో గోడ 0.9 మి.మీ. మందం, మధ్యలో 0.6 మాత్రమే. మందం ఎక్కడ ఆగి పలచదనం ఎక్కడ మొదలవుతుందో పైనుంచి చూస్తే కనపడదు. బాస్‌లని ఇత్తడితోనో వెండితోనో బ్రేజింగ్ చేసి అతికిస్తారు. గ్రైండర్‌తో తీస్తున్నప్పుడు ఇత్తడి ఎక్కడ అయిపోయిందో, స్టీలు ఎక్కడ మొదలైందో చేతికి తెలిసేలోపే రాయి లోపలికి దిగిపోతుంది. 0.6 గోడలో పావు మి.మీ. పోయిందంటే నూటికి నలభై వంతులు పోయినట్టే. అదీ డౌన్ ట్యూబ్‌లో! ముందు చక్రం గుంటలో పడినా, దేన్నైనా గుద్దుకున్నా ఆ దెబ్బ ముందుగా తీసుకునేది ఆ గొట్టమే. పైగా రంగు వేశాక ఆ గీత ఎవరికీ కనపడదు. మీ తర్వాత ఆ సైకిల్ కొనుక్కునేవాడికి అసలే తెలియదు.

హ్యాంగర్ సంగతి వేరని ఒప్పుకుంటాను. అది వెనక చక్రం ఇరుసు కూర్చునే మందపాటి డ్రాపౌట్‌లో భాగం, జాగ్రత్తగా కోస్తే బలానికేమీ కాదు. కానీ కోసి సాధించేదేమిటి? అది చక్రానికి అడ్డు రాదు, చైన్‌కి అడ్డు రాదు. ఉంచితే రేపు మీకే మోకాళ్లు నొప్పిపెట్టి గేర్లు కావాలనిపించినా అరగంట పని. కోస్తే మళ్లీ ఫ్రేమ్ బిల్డర్ దగ్గరికి వెళ్లి డ్రాపౌట్ మార్పించుకోవాలి, దానికయ్యే ఖర్చుతో ఇంకో పాత సైకిల్ వస్తుంది. బాస్‌లకి గుండ్రటి మూతలు దొరుకుతాయి, స్క్రూతో బిగిస్తే చాలు. మీరు కోరిన శుభ్రత అక్కడే సగం వచ్చేస్తుంది.

లగ్గులవాడు గారికి కూడా ఒక మాట. ఆ ఫ్రేమ్ వేరే పనికి పుట్టిందన్నారు, అది పూర్తిగా నిజం కాదు. ఆ కాలపు రోడ్ ఫ్రేముల్లో డ్రాపౌట్ గాడి అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. చక్రాన్ని వెనక్కి లాగి చైన్ బిగించుకోవచ్చు. ఫిక్స్‌డ్‌కి ముఖ్యంగా కావలసింది అదే. ఇప్పటి ఫ్రేముల్లో గాడి నిలువుగా ఉంటుంది, వాటితో ఈ పని తేలిగ్గా జరగదు. సైకిల్ పందేల చరిత్రలోనూ చాలాకాలం రోడ్డు మీద తొక్కింది ఒకే గేరుతోనే. టూర్ డి ఫ్రాన్స్‌లో డిరేలర్‌ని అనుమతించింది 1937లో. అంతకుముందు కొండ మొదట్లో దిగి, చక్రం తీసి, రెండో వైపున్న పళ్లు వచ్చేలా తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు.

ఇక పని. ఆరు గేర్ల ఫ్రేమ్ కాబట్టి వెనక ఫోర్కు మధ్య ఎడం 126 మి.మీ. ఉండాలి, ముందు కొలిచి చూసుకోండి. ట్రాక్ హబ్ (ఫిక్స్‌డ్ చక్రం మధ్యభాగం) 120. ఫ్రేమ్‌ని వంచకండి, యాక్సిల్ మీద రెండు వైపులా 3 మి.మీ. స్పేసర్లు వేస్తే సరిపోతుంది. ముందు 52 పళ్లది తీసేసి 42ని దాని చోటే, లోపలి వైపునే ఉంచండి. సీట్ ట్యూబ్ మధ్యగీత నుంచి ఆ పళ్లచక్రం దాకా కొలవండి. ట్రాక్ హబ్‌కి 42 మి.మీ. రావాలి, పాత క్రాంకుల్లో లోపలి చక్రం సాధారణంగా ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఒక పళ్లచక్రం తీసేశాక పాత బోల్టులు పొడుగైపోతాయి, పొట్టి బోల్టులు తెచ్చుకోండి.

చైన్ బిగింపు దగ్గర మాత్రం తొందరపడొద్దు. వెనక చక్రం బిగించి, సైకిల్‌ని స్టాండ్ మీద పెట్టి, క్రాంకుని నెమ్మదిగా తిప్పుతూ చైన్ మీద వేలు పెట్టి చూడండి. ఒకచోట తీగలా బిగుసుకుంటుంది, అర చుట్టు తర్వాత కిందికి వేలాడుతుంది. పళ్లచక్రం క్రాంకు మీద వెంట్రుకవాసి పక్కకి కూర్చుందన్నమాట. దాని బోల్టులు కొంచెం వదులు చేసి, చైన్ బాగా బిగిసిన చోట ఆపి, రెంచి పిడితో చైన్ మీద చిన్నగా తట్టండి, పళ్లచక్రం జరుగుతుంది. మళ్లీ తిప్పి చూడండి, మళ్లీ తట్టండి. చుట్టంతా ఒకేలా వచ్చాక బోల్టులు బిగించి, చైన్ పైకీ కిందికీ ఒక సెంటీమీటరు ఆడేలా చక్రం సర్దండి. ఫిక్స్‌డ్‌లో చైన్ ఊడితే అది వెనక చక్రాన్ని పట్టేయగలదు. అందుకే ఈ ఒక్క పనికి ఒక సాయంత్రం పోయినా పోనివ్వండి.

చికాగో_గాలి:

ఆకురాయి గారూ, గొట్టం మందం సంగతి నాకు తెలియదు, చాలా థాంక్స్. బాస్‌ల జోలికి వెళ్లను. హ్యాంగర్ విషయంలో ఇంకా మనసు అటే లాగుతోంది, చూడటానికి బాగోదు. ఇంకో సందేహం. ట్రాక్ హబ్‌తో కొత్త చక్రం కట్టించడం ఎందుకు, పాత ఫ్రీవీల్ హబ్ మీదే ట్రాక్ కాగ్ (వెనక పళ్లచక్రం) ఎక్కించి, బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు తిరిగే చోటు) లాక్‌రింగ్‌తో బిగిస్తే సరిపోతుందంటున్నారు. మరలు రెండూ ఒకటేనట కదా?

ఓయూ_ట్రాక్:

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో కట్టిన వెలొడ్రోమ్ అనే సైకిల్ పందేల ట్రాక్ మీద తొక్కినవాణ్ని. ఈ ప్రశ్నకి మొహమాటం లేకుండా జవాబు చెప్పాలి.

మరలు ఒకటే అన్నది నిజం. ఫ్రీవీల్‌కీ, ట్రాక్ కాగ్‌కీ, ఇంగ్లిష్ పద్ధతి బాటమ్ బ్రాకెట్ ఎడమవైపు లాక్‌రింగ్‌కీ 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ప్రమాదమంతా అందులోనే ఉంది. అసలైన ట్రాక్ హబ్‌లో కాగ్‌కి కుడి మరలు, లాక్‌రింగ్‌కి ఎడమ మరలు. వెనక్కి తొక్కి ఆపేటప్పుడు కాగ్ ఊడిరావాలని చూస్తుంది, అది తిరిగే కొద్దీ లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుంటుంది. మీరు చెప్పిన పద్ధతిలో రెండూ ఒకే వైపు మరలు, కాగ్ కదిలితే లాక్‌రింగ్ కూడా దానితోపాటే వదులవుతుంది. జిగురు పెట్టినా, ఎంత బలంగా బిగించినా ఈ లెక్క మారదు. అమెరికాలో దీన్ని సూసైడ్ హబ్ అనే పిలుస్తారు. కాగ్ ఊడిన క్షణం నుంచి మీ కాళ్లకీ చక్రానికీ సంబంధం ఉండదు. మీరేమో బ్రేకులు తీసేస్తానంటున్నారు!

ట్రాక్ మీద బ్రేకులు ఉండవు, నిబంధనల ప్రకారం ఉండకూడదు కూడా. అక్కడ అందరూ ఒకే వైపు వెళ్తారు, ఎవరి దగ్గరా బ్రేక్ లేదు కాబట్టి ముందున్నవాడు హఠాత్తుగా ఆగడు. ఎదురుగా కారు తలుపు తెరుచుకోదు, పిల్లలు పరుగెత్తుకు రారు. రోడ్డు మీద వేగం తగ్గించగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. వెనక చక్రాన్ని కాళ్లతో ఎంత పట్టినా, ముందు బ్రేక్‌తో ఆగినంత తక్కువ దూరంలో ఆగలేరు. నేల చదునైనా ఇందులో తేడా లేదు. బ్రిటన్‌లో 1983 నుంచి ఉన్న నిబంధనల్లో ఫిక్స్‌డ్ చక్రాన్నే వెనక బ్రేక్‌గా లెక్కేస్తారు, ముందు బ్రేక్ మాత్రం తప్పనిసరి. 2016లో లండన్‌లో ముందు బ్రేక్ లేని ఫిక్స్‌డ్ సైకిల్ ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక మహిళ చనిపోయింది. తొక్కిన యువకుడికి మరుసటి ఏడాది జైలుశిక్ష పడింది. మన ప్రాణం సంగతి ఒక్కటే కాదండీ ఇది.

ఇంకొకటి, పాత సైకిల్‌కున్న టో క్లిప్పులు, స్ట్రాపులు పారేయకండి. కాలు పెడల్‌కి అంటిపెట్టుకుని ఉండకపోతే వెనక్కి తొక్కి సరిగ్గా ఆపడం కుదరదు. మలుపుల్లో జాగ్రత్త. రోడ్ ఫ్రేమ్‌లో బాటమ్ బ్రాకెట్ ట్రాక్ ఫ్రేమ్ కంటే కిందికి ఉంటుంది, లోపలి పెడల్‌ని పైకెత్తి ఉంచే వీలు లేదు, ఎక్కువ వాలితే నేలకి తగులుతుంది. వీలైతే 165 మి.మీ. క్రాంకు వేయండి.

పెడల్_పవర్:

ఫ్రేమ్ కోసుకోమన్న మాట మీద నేనిప్పటికీ ఉన్నాను, కానీ బ్రేక్ విషయంలో ఓయూ అన్న చెప్పిందే కరెక్ట్. బ్రేక్ లేకపోతే నష్టపోయేది ఎదుటివాడు.

లగ్గులవాడు:

డ్రాపౌట్ గురించి ఆకురాయి గారు చెప్పింది నిజమే. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. వెనక్కి మార్చుకోవచ్చు అని అందరూ అంటారు, మార్చేవాళ్లు ఎంతమంది? తీసిన భాగాలు చెత్తలోకి పోతాయి, రెండేళ్లకి ఫ్రేమ్ ఒక్కటే మిగులుతుంది. గాలి గారూ, మీ వెనక డిరేలర్ మీద సన్‌టూర్ అని ఉందేమో చూడండి. డిరేలర్‌ని పళ్ల వాలు వెంట కదిలించే ఏటవాలు సమాంతర చతుర్భుజం పద్ధతిని ఆ కంపెనీ 1964లో కనిపెట్టింది. 1980ల మధ్యలో పేటెంట్ గడువు తీరాక మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి, ఈనాటి డిరేలర్లలో ఉన్నదీ ఆ పద్ధతే. స్ప్రింగు పోయినా సరే అది పారేసే వస్తువు కాదు. తీసినవన్నీ నూనె తుడిచి ఒక డబ్బాలో పెట్టి, సైకిల్ ఎప్పుడైనా అమ్మితే డబ్బాతో సహా అమ్ముతానని మాటివ్వండి. అప్పుడు నేను నోరు మూసుకుంటాను. పౌడర్ కోటింగ్ కూడా వద్దు. ఇసుకతో కొట్టి పాత రంగు తీసేటప్పుడు ఆ పలచని గొట్టం మీదా, లగ్గుల అంచుల మీదా ఎంత జాగ్రత్త పడతారో మీకు తెలియదు. స్టిక్కర్ కూడా పోతుంది. ఆ ఫ్రేమ్ ఏ గొట్టమో మీకు చెప్పింది ఆ స్టిక్కరే కదా.

నల్లగొండ_హీరో:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా నాన్న గారి పాత ఇరవై నాలుగు ఇంచుల హీరో ఉంది, రాడ్ బ్రేకులవి. దాన్ని కూడా ఇలా చేయొచ్చా?

ఆకురాయి:

చేయొచ్చు తమ్ముడూ. దాని వెనక గాడి అసలే అడ్డంగా ఉంటుంది, చైన్ అడ్జస్టర్లు కూడా ఉంటాయి. కానీ ఇరవై నాలుగు అన్నది ఫ్రేమ్ కొలత, చక్రాలు 28 బై ఒకటిన్నర అంగుళాలవి, ఆ రిమ్ముకి సరిపడే చువ్వల రంధ్రాల ట్రాక్ హబ్ చూసుకోవాలి, అది మన సైకిల్ షాపుల్లో దొరకదు, తెప్పించుకోవాల్సిందే. ఫ్రీవీల్ మీద వెల్డింగ్ కొట్టించి ఫిక్స్‌డ్ చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. హబ్ మీద అది కుడి మరలతోనే నిలుస్తుంది, పైన ఓయూ గారు చెప్పిన ప్రమాదమే అక్కడా. రాడ్ బ్రేకులు రెండూ ఉంచుకో.

చికాగో_గాలి:

డిరేలర్ చూశాను, సన్‌టూరే. డబ్బా కట్టి పెడతాను లగ్గులవాడు గారూ, మాటిస్తున్నాను. పౌడర్ కోటింగ్ మానేశాను, తుప్పు తుడిచి వ్యాక్స్ రాస్తాను. ట్రాక్ హబ్‌తో చక్రం ఆర్డర్ చేస్తున్నాను. ముందు బ్రేక్ ఉంటుంది. హ్యాంగర్ ప్రస్తుతానికి ఉంచుతున్నాను, కానీ ఒక సీజన్ తొక్కాక మళ్లీ ఈ ప్రశ్నతో వస్తానేమో. రెండు విషయాలు మిగిలాయి. కొత్త చక్రాలు 700సి (ఇప్పటి రోడ్ సైకిళ్ల కొలత) తీసుకుంటే పాత ముందు బ్రేక్ అందుతుందా? వెనక కాగ్ ఎంత వేయాలి?

ఓయూ_ట్రాక్:

700సి రిమ్ము 27 అంగుళాల దానికంటే వ్యాసార్థంలో 4 మి.మీ. చిన్నది. మీ బ్రేక్ గాడిలో రబ్బరు ఇంకో 4 మి.మీ. కిందికి జరిగే చోటుందేమో స్కేలు పెట్టి చూడండి. ఉంటే అదే వాడండి, రబ్బర్లు మాత్రం కొత్తవి వేయండి. లేకపోతే పొడుగు చేతుల కాలిపర్ బ్రేక్ కొనాలి, కొనేటప్పుడు వెనక నట్టు బిగించే రకమే అడగండి. పాత ఫోర్కు రంధ్రంలో ఇప్పటి గుంట నట్టు దూరదు.

కాగ్ 16 పళ్లది. 42కి 16 అంటే దాదాపు 70 అంగుళాల గేరు (చక్రం వ్యాసాన్ని 42తో గుణించి 16తో భాగిస్తే వచ్చేది), నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకి 30 కి.మీ. మీ సరస్సు గాలికి ఎదురెళ్లేటప్పుడు కష్టంగా ఉంటే 17 వేయండి. 48కి 16 జోలికి మాత్రం వెళ్లకండి. అది సరిగ్గా మూడింతలు కాబట్టి ఒకే కాలు ముందుంచి జార్చి ఆపిన ప్రతిసారీ టైరులో ఒకే చోటు నేలకి రాసుకుంటుంది, తొందరగా దారం తేలుతుంది. 42కి 17 అయితే ఆ అరుగుదల పదిహేడు చోట్లకి పంచుకుంటుంది.