స్మియర్‌కి తెలుగు మాట: రక్తపూత

మధురవాడ నుంచి ఒక హైస్కూల్ సైన్సు టీచర్:

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్ కెమెరా మీద చిన్న గాజుపూస లెన్సు అమర్చి రక్తకణాలు చూపించే ప్రాజెక్టు చేస్తున్నారు. పోస్టరు తెలుగులోనే ఉండాలని వాళ్ల పట్టుదల. రెండు చోట్ల ఆగిపోయాం. గాజు స్లైడు మీద పలచగా పరిచిన రక్తాన్ని, అంటే ‘బ్లడ్ స్మియర్’ని ఏమనాలి? ఒకరు ‘రక్తలేపనం’ అన్నారు, ఇంకొకరు ‘రక్తపు పొర’ అన్నారు. రెండోది, ఫొటోలో దుమ్ము కూడా కనిపిస్తోంది. దానికి ‘ధూళి కణాలు’ అని రాస్తే, పక్కనే ‘రక్తకణాలు’ ఉన్నాయి కదా, రెండూ ఒకే జాతి అనుకుంటున్నారు పిల్లలు. దయచేసి దారి చూపండి.

అక్కయ్యపాలెం నుంచి, మలేరియా పనిలో రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్:

మేడమ్, ‘రక్తపూత’ అని రాయండి. కొత్తగా పుట్టించక్కర్లేదు, వాడుకలో ఉన్న మాటే. జ్వరాల సీజన్‌లో పాడేరు, అరకు వార్తలు చూడండి, ‘ఇంటింటికీ తిరిగి రక్తపూతలు సేకరించారు’ అని రాస్తారు. లేపనం అంటే ఒంటికి రాసుకునే మందు గుర్తొస్తుంది. పొర దానంతటదే కట్టేది. పూత మాత్రం ఒకరు చేత్తో పూస్తేనే వచ్చేది. స్లైడు బాగుందా లేదా అన్నది ఆ చేతిని బట్టే ఉంటుంది కాబట్టి ఈ మాటను వదులుకోవద్దని నా మనవి.

పూతలు రెండు రకాలు, పోస్టర్‌లో రెండూ చెప్పండి. మందపు పూతకి చుక్కను సుమారు సెంటీమీటరు వెడల్పున గుండ్రంగా కలుపుతాం. స్లైడును న్యూస్‌పేపర్ మీద పెడితే కింది అక్షరాలు లీలగా చదవగలగాలి, అంతకంటే మందం పనికిరాదు. రంగు వేసేటప్పుడు ఇందులో ఎర్రకణాలు పగిలిపోతాయి, మలేరియా తెచ్చే పరాన్నజీవి మిగులుతుంది. మలేరియా ఉందా లేదా అన్నది దీనిలో త్వరగా తేలుతుంది. మీ పిల్లలకి కావలసింది రెండోది, పలచని పూత. ఇంకో స్లైడు అంచును చుక్కకి ఆనించి, రక్తం ఆ అంచు పొడవునా పాకేదాకా ఆగి, ఏటవాలుగా పట్టుకుని ఒక్క ఊపున తోయాలి. చెయ్యి తడబడితే చారలు పడతాయి. బాగా కుదిరితే నాలుక ఆకారంలో వచ్చి చివర పలచబడుతుంది. ఆ చివరికి కాస్త ముందు కణాలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా పరుచుకుంటాయి. లెన్సు పెట్టాల్సిన చోటు అదే.

మన విశాఖలో ఇంకో చిక్కుంది. సముద్రపు తేమకి పూత తొందరగా ఆరదు. నెమ్మదిగా ఆరితే ఎర్రకణాల ఆకారం చెడుతుంది. పలచని పూతను స్లైడుకి అంటిపెట్టడానికి వాడే మిథనాల్ సీసా మూత సరిగా పెట్టకపోతే అది గాలిలోని తేమను లాగేసుకుంటుంది, అప్పుడు కణాల్లో మెరిసే వలయాలు కనిపిస్తాయి, లేని జబ్బు ఉన్నట్టు భ్రమ. ఆరబెట్టిన స్లైడుని బల్లమీద అలా వదిలేస్తే చీమలు, ఈగలు వచ్చి పూతను తినేస్తాయి. దోమతెర గుడ్డ ముక్క కప్పండి.

ఒక్క మాట, పిల్లల చేత వేలు పొడిపించకండి. తయారుగా ఉన్న స్లైడ్లు తెచ్చుకోండి.

పెందుర్తి నుంచి ఒక వైద్య అనువాదకురాలు:

మేస్టారు చెప్పిన ‘పూత’కి నా ఓటు. ‘కణం’ సంగతి నేను చెప్తాను. సంస్కృతంలో కణమంటే చిన్న రవ్వ, తునక. మన పాఠ్యపుస్తకాలు దాన్నే జీవకణానికీ, భౌతికశాస్త్రంలో పదార్థపు కణానికీ వాడాయి. ఇప్పుడు మార్చడం కుదరదు, అవసరమూ లేదు. దుమ్ముకి వేరే మాట పెడితే చాలు. కంట్లో పడ్డదాన్ని ఏమంటాం? నలుసు. ‘ఇవి నలుసులు, కణాలు కావు’ అని బాణం గుర్తు వేసి రాయండి, చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. అలాగే రంగు అడుగున చేరి స్లైడుకి అంటుకునేదాన్ని ‘రంగు మడ్డి’ అనండి. మడ్డి చుక్కను చూసి పరాన్నజీవి అనుకోవడం మామూలే. ఇక ప్లేట్‌లెట్లను ‘రక్త ఫలకికలు’ అని పుస్తకాల్లో రాశారు గానీ, డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అన్న మాట తెలియని ఇల్లు లేదు. అదే ఉంచండి.

టీచర్:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పిల్లలు ‘ఫోన్‌తో మలేరియా, సికిల్ సెల్ కనిపెట్టవచ్చు’ అని శీర్షిక పెట్టారు. సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగే జన్యు జబ్బు కదా. ఉంచవచ్చా, మేస్టారూ?

ల్యాబ్ టెక్నీషియన్:

అలాగే ఉంచితే తప్పు మేడమ్. ‘చూడటం’ వేరు, ‘నిర్ధారించడం’ వేరు. 2009లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో డేనియల్ ఫ్లెచర్ బృందం మామూలు ఫోన్‌కి మైక్రోస్కోప్ లెన్సులు తగిలించి మలేరియా సోకిన కణాలనూ, కొడవలి కణాలనూ ఫొటో తీసింది. అది మంచి ఆబ్జెక్టివ్ లెన్సుతో, అంటే మైక్రోస్కోప్‌లో స్లైడుకి దగ్గరగా ఉండే లెన్సుతో. మీరు చేస్తున్నది ఒక్క గాజుపూసతో. 2011లో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సరిగ్గా అలాంటి పని జరిగింది, 1 మిల్లీమీటరు పూస లెన్సుతో. దాంతో రెండు చుక్కలు విడివిడిగా కనిపించే అతి చిన్న దూరం 1.5 మైక్రోమీటర్లు (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), స్పష్టంగా కనిపించే మేర సుమారు 150 మైక్రోమీటర్ల చదరం. ఎర్రకణం వెడల్పు ఏడెనిమిది మైక్రోమీటర్లు, కాబట్టి దాని గుండ్రదనం, మధ్యలో పాలిపోయిన భాగం తెలుస్తాయి. మలేరియా పరాన్నజీవుల్లో ఒకటైన ఫాల్సిపారం తొలిదశలో ఎర్రకణం లోపల ఉంగరంలా కనిపిస్తుంది, ఆ ఉంగరం కణం వెడల్పులో అయిదో వంతో ఇంకా తక్కువో. అది ఈ పూసకి అందదు.

పిల్లలకి ఒక లెక్క ఇవ్వండి. ఆ చదరంలో ఒక వరసకి ఇరవై ఎర్రకణాలు పడతాయి, కిక్కిరిసి ఉన్నా మొత్తం నాలుగొందలు. తెల్లకణం సుమారు ఏడెనిమిది వందల ఎర్రకణాలకు ఒకటి. అంటే ఒక ఫొటోలో తెల్లకణం లేకపోతే కంగారుపడక్కర్లేదు, స్లైడు జరుపుతూ చాలా ఫొటోలు తీయాలి. ఇది వాళ్లు తామే చేసి చూడాల్సిన సరదా పని.

సికిల్ సెల్ సంగతి ఇంకా జాగ్రత్తగా రాయాలి. మన ఏజెన్సీలో ఇది నిజమైన బాధ, 2023 జూలైలో దేశమంతటికీ దీని నిర్మూలన మిషన్ మొదలైంది కూడా. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే జన్యువు వచ్చినవాళ్ల మామూలు పూతలో సాధారణంగా కొడవలి కణాలు కనిపించవు. ఫొటోలో అంతా గుండ్రంగా ఉంది కదా అని వాళ్లకి ఏమీ లేదనుకుంటే, రేపు పెళ్లి, పిల్లల దగ్గర చిక్కు. దానికి ఎలక్ట్రోఫోరెసిస్ (హిమోగ్లోబిన్ రకాలను కరెంటుతో వేరుచేసి చూడటం) లాంటి పరీక్ష చేయించాల్సిందే.

అనువాదకురాలు:

అయితే శీర్షిక ‘ఫోన్‌తో రక్తపూత చూద్దాం’ అంటే సరిపోతుంది. ‘చరవాణి సూక్ష్మదర్శిని’ జోలికి పోకండి, ‘ఫోన్ మైక్రోస్కోప్’ అనండి. సికిల్ సెల్‌కి పుస్తకాల మాట ‘కొడవలి కణ రక్తహీనత’ ఒకసారి ఇచ్చి, తర్వాత సికిల్ సెల్ అనే రాయండి. పాడేరు నుంచి వచ్చిన తల్లి ఆసుపత్రిలో వినేది ఆ మాటే.

ల్యాబ్ టెక్నీషియన్:

ప్రతి ఫొటో కింద 10 మైక్రోమీటర్ల కొలత గీత గీయించండి మేడమ్. ఎంత పెంచి చూపామో చెప్పకపోతే నలుసునీ, కణాన్నీ కంటితో పోల్చుకోలేరు. వచ్చేవారం నేను మీ బడివైపే వస్తున్నాను. పలచని పూతలు రంగు వేసినవి రెండు, రంగు వేయనివి రెండు తెస్తాను. రంగు లేనిదానిలో ఎర్రకణాలు లేత పసుపుగా కనిపిస్తాయి, తెల్లకణం కేంద్రకం మాత్రం సరిగ్గా తెలియదు. పక్కపక్కన పెట్టి చూపించండి.