మెడ కొలత, గొంతు స్కాన్‌తో స్లీప్ అప్నియా తెలిసిపోతుందా?

వెన్నెల_పి: మావారికి గురక ఎక్కువ. మధ్యలో ఊపిరి ఆగిపోయి, ఒక్కసారిగా ఉలిక్కిపడి తీసుకుంటారు. స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు, ఉందేమోనని డాక్టరు గారు టేపుతో మెడ కొలిచి, ఏవో ప్రశ్నలడిగి, గడ్డం కింద అల్ట్రాసౌండ్ రాశారు. గొంతు స్కాన్ అంటే థైరాయిడ్‌కే చేస్తారనుకున్నా. ఎవరైనా చేయించుకున్నారా?

గురకరాయుడు: చేయించుకున్నానండి. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కింద జెల్ రాసి చూస్తారు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు. టెన్షన్ అక్కర్లేదు.

స్కాన్_గది: నా పనే అది. నాలుక మొదలు మందం, గొంతు పక్కగోడల మందం, నాలుకలోని రెండు ధమనుల మధ్య దూరం చూస్తాం. నాలుక మొదలు వెడల్పుగా ఉంటే ఆ ధమనులు ఎడంగా కనిపిస్తాయి. ప్రోబ్ (చర్మానికి ఆనించే స్కాన్ పరికరం) గట్టిగా నొక్కితే కొలత మారిపోతుంది, అంచేత చేసే చేతిని బట్టి కూడా ఉంటుంది. అసలు చిక్కేమిటంటే మేం చూసేది మెలకువలో. ఊపిరి దారి మూసుకుపోయేది నిద్రలో, కండరాలు సడలాక. ఇంత దాటితే జబ్బేనని అందరూ ఒప్పుకున్న అంకె కూడా లేదు.

మత్తుడాక్టర్: ఆ ప్రశ్నలు స్టాప్-బ్యాంగ్ అనే ప్రశ్నావళిలోవి అయ్యుంటాయి. ఆపరేషన్‌కి ముందు రోగుల్ని వడపోయడానికి టొరంటోలో తయారైంది, 2008లో వచ్చింది. గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తుకు బరువు లెక్క) 35 పైన, వయసు 50 పైన, మెడ 40 సెంటీమీటర్ల పైన, మగవారు కావడం. ఒక్కోదానికి ఒక మార్కు. 3 వస్తే అనుమానం, 5 దాకా వెళ్తే గట్టి అనుమానం. అంతేగానీ నిర్ధారణ కాదు.

సన్నజాజి: నేను సన్నంగా ఉంటాను, మెడ కొలతా మామూలే. అయినా స్లీప్ స్టడీలో (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) అప్నియా మధ్యస్థంగా ఉందని తేలింది. ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు 5 నుంచి 15 సార్ల లోపయితే స్వల్పం, 30 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం. పది సెకన్లకు తగ్గకుండా ఊపిరి ఆగినా, బాగా తగ్గినా లెక్కలోకొస్తుంది. నా కింది దవడ చిన్నది, వెనక్కి ఉంటుంది. టేపుకి అది ఎలా తెలుస్తుంది?

వెన్నెల_పి: అయితే స్కాన్ నార్మల్ వస్తే స్లీప్ స్టడీ మానేయొచ్చా?

మత్తుడాక్టర్: వద్దమ్మా. ఊపిరి ఆగడం మీరే కళ్లారా చూశారుగా, నా లెక్కలో ఆ స్కాన్ కన్నా అదే పెద్ద ఆధారం. పగలు కునికిపాట్లు పడుతుంటే ఈలోపు ఆయన్ని బండి నడపనివ్వకండి. ఇంట్లో చేసే స్లీప్ టెస్టులో ఏమీ రాకపోయినా లక్షణాలుంటే ల్యాబ్‌లో రాత్రంతా చేసే పరీక్ష అడగండి. ఇంటి టెస్టు కొందరిని వదిలేస్తుంది.