వెల్లకిలా పడుకునే కుక్క: హాయా, వేడా, నొప్పా?

మణికొండ_మిల్కీ:
మా మిల్కీ నాలుగేళ్ల ల్యాబ్రడార్ కుక్క. ఎండలు ముదిరినప్పటి నుంచి తన పరుపు వదిలేసి బాత్రూమ్ గుమ్మం దగ్గర టైల్స్ మీద వెల్లకిలా, నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి పడుకుంటోంది. నిద్రలో తాకితే గుర్రుమంటోంది. నిన్నటి నుంచి ఇంకోటి మొదలైంది. ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి అలాగే ఉండిపోతోంది. ఆటకు పిలుస్తోందని మావారు అంటున్నారు. ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి.

తార్నాక_తాత:
అమ్మా, సంతోషించు. కుక్కకు పొట్ట చాలా సున్నితమైన చోటు. దాన్ని బయటపెట్టి పడుకుందంటే మీ ఇంటి మీద పూర్తి భరోసా ఉన్నట్టే. భయంలో ఉన్న కుక్క ఎప్పుడూ అలా పడుకోదు. వీధికుక్క వెల్లకిలా పడుకోవడం ఎవరైనా చూశారా?

సైనిక్‌పురి_ఇండీ:
చూశాను సార్, రోజూ చూస్తున్నాను. మా సందులో ఇల్లు కడుతున్న చోట తడి ఇసుక కుప్ప ఉంది. అక్కడి గోధుమరంగు కుక్క దాన్ని గోళ్లతో గీరి గుంట చేసుకుని మధ్యాహ్నమంతా వెల్లకిలా పడుకుంటుంది. దానికి మా సందు మీద ఏం భరోసా? పొట్ట మీద బొచ్చు పలచన, వేడి అక్కణ్ణుంచి త్వరగా పోతుంది. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగునే. అదే కుక్క డిసెంబర్‌లో ముక్కు తోక కింద దాచుకుని ముడుచుకుంటుంది. ఇది మే నెల.

తార్నాక_తాత:
మీరు పుట్టకముందు నుంచి కుక్కల్ని పెంచుతున్నాను. వేడే కారణమైతే ఏసీ గదిలో పడుకునేవి ఎందుకు తిరగబడతాయి?

సైనిక్‌పురి_ఇండీ:
వయసు చెబితే వాదన నెగ్గదు సార్. ఇండీల గురించి, అంటే మన నాటు కుక్కల గురించి మాట్లాడితే ఎవరూ వినిపించుకోరు, బ్రీడ్ కుక్కల మీదే అందరి ప్రేమ.

బోడుప్పల్_ట్రైనర్:
ఇద్దరిదీ సగమే. గార్డ్ డాగ్స్‌కి ట్రైనింగ్ ఇవ్వడమే నా పని, ఈ మాట ధైర్యంగా చెప్పగలను. పొట్ట చూడొద్దు, మొహం చూడండి. నోరు వదులుగా తెరుచుకుని, నడుము ఓ పక్కకు వాలిపోయి ఉంటే హాయి. ఒళ్లు బిగించి, తోక కాళ్ల మధ్యకు లాక్కుని, మొహం పక్కకు తిప్పి, కంట్లో తెల్లగుడ్డు కనబడుతుంటే నన్ను వదిలెయ్ అని. అప్పుడు పొట్ట నిమిరితే కరుస్తుంది. తోక కూడా అంతే, ఊపిందల్లా సంతోషం కాదు. 2007లో ఇటలీ పరిశోధకులు చూశారు: యజమాని కనిపిస్తే తోక కుడివైపు ఎక్కువ ఊగింది, తెలియని, పెత్తనం చేసే కుక్క కనిపిస్తే ఎడమవైపు.

కూకట్‌పల్లి_పగ్:
మా పగ్ తోక చుట్ట, కుడీ ఎడమా తెలియదు. కానీ ఇళ్లల్లో పగ్ ఉన్నవాళ్లు ఇది గమనించండి. గడ్డం దిండు మీదో చెప్పు మీదో ఎత్తిపెట్టి పడుకుంటే ముద్దొస్తోందని ఫోటో తీస్తారు. చదును మూతి వల్ల తల కిందికి పెడితే ఊపిరి ఆడక అలా పెడుతుంది. ఇంకోటి, లిఫ్ట్ ఎక్కగానే మాది ఆవలిస్తూ పెదాలు నాక్కుంటుంది. నిద్రొస్తోందని పక్క ఫ్లాట్ ఆంటీ అంటారు. నిద్ర కాదు, టెన్షన్. పిల్లలు మొహంలో మొహం పెడితే వద్దన్నానని అసోసియేషన్‌లో నా మీదే కంప్లైంట్. ఏం చేయాలో చెప్పండి.

ఉప్పల్_నాన్న:
అంటే తప్పు పిల్లలదా? మా బాబును ట్యూషన్ నుంచి వస్తుంటే వీధికుక్క కరిచింది. ఆ ఇంజెక్షన్ల కోసం తిరిగినవాడికి తెలుస్తుంది. కుక్కల భాష నేర్చుకోవడం నా కొడుకు పనా?

సైనిక్‌పురి_ఇండీ:
అన్నా, బాబుకు అలా జరగడం నిజంగా బాధగా ఉంది. అయినా నేర్పండి. పడుకున్న కుక్క తల ఎత్తి, నోరు మూసేసి, కదలకుండా మనవైపే చూస్తోందంటే ఆగిపోవాలి. పరిగెత్తొద్దు.

ఉప్పల్_నాన్న:
ముందు మీరు తిండి పెట్టే కుక్కలకు స్టెరిలైజేషన్ చేయించండి, తర్వాత మాకు నేర్పుదురు గానీ.

రాజేంద్రనగర్_వెట్‌స్టూడెంట్:
అందరూ పొట్ట దగ్గరే ఆగిపోయారు! మణికొండ అక్కా, మీరు చివర రాసింది ముఖ్యం. ఆటకు పిలిచే కుక్క అలా వంగిన మరుక్షణం గెంతుతుంది. నిద్రలేచి ఒళ్లు విరుచుకునేదీ క్షణమే. అదే భంగిమలో ఉండిపోతే కడుపునొప్పి కావొచ్చు, క్లోమం (పాంక్రియాస్) వాచినప్పుడు ఇలా చేస్తాయి. తింటోందా? వాంతులున్నాయా? కొవ్వు పదార్థం ఏమైనా తిన్నదా? పొట్ట ఉబ్బి, ఓకరిస్తున్నా ఏమీ బయటికి రాకపోతే కడుపు మెలిపడి ఉండొచ్చు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్నవాటిలో ఎక్కువ. అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

మణికొండ_మిల్కీ:
పొట్ట ఉబ్బలేదు. ఆదివారం చుట్టాలొచ్చి మటన్ కొవ్వు ముక్కలు వేశారు. నిన్న సాయంత్రం నుంచి గిన్నె ముట్టలేదు, పొద్దున రెండుసార్లు కక్కింది. బయల్దేరుతున్నాం.

తార్నాక_తాత:
కంగారు పడకమ్మా. ముందు కాసిని వాము నీళ్లు పట్టించు, సర్దుకుంటుంది.

రాజేంద్రనగర్_వెట్‌స్టూడెంట్:
వద్దు తాతగారూ. కక్కుతున్న కుక్కకు నోట్లో ఏదీ బలవంతంగా పోయకూడదు. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలూ వద్దు, ఇబుప్రోఫెన్ కుక్కకు విషం. దగ్గర్లో క్లినిక్ తెరిచి ఉంటే అక్కడికి, లేదంటే నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్లండి.

దిల్‌సుఖ్‌నగర్_జిమ్మీ:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మాది పక్కకు పడుకుని కాళ్లు కొట్టుకుంటూ చిన్నగా అరుస్తుంది. ఫిట్సా?

రాజేంద్రనగర్_వెట్‌స్టూడెంట్:
ఎక్కువగా కలే. పేరు పెట్టి పిలిస్తే లేచి మామూలుగా చూస్తుంది. ఒళ్లంతా కొయ్యబారి, పిలిచినా తెలివి రాక, మూత్రం పోతే ఫిట్స్. వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. చేత్తో తట్టి లేపొద్దు, ఉలిక్కిపడి కరుస్తుంది. మిల్కీ గుర్రుమనడం ఉలికిపాటు కావచ్చు, నొప్పి కూడా కావచ్చు.

మణికొండ_మిల్కీ:
రక్తపరీక్ష, స్కానింగ్ చేశారు. క్లోమం వాపే. సెలైన్ ఎక్కిస్తున్నారు, రాత్రికి అక్కడే ఉంచుతారట. ఇకమీదట కొవ్వు లేని తిండే పెట్టాలన్నారు. చుట్టాలందరికీ చెప్పేశాను.

తార్నాక_తాత:
తగ్గిపోతుందమ్మా. వెల్లకిలా పడుకోవడం మాత్రం నమ్మకమే.

సైనిక్‌పురి_ఇండీ:
వేడి సార్.

కూకట్‌పల్లి_పగ్:
నా లిఫ్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

బోడుప్పల్_ట్రైనర్:
లిఫ్ట్‌లో జనం ఉంటే ఎక్కకండి, తర్వాతి దానికి ఆగండి. ఎక్కాక కుక్కను మూలకు పెట్టి దానికీ జనానికీ మధ్య మీరు నిలబడండి. ఆవలింత ఆగకపోతే కొన్నాళ్లు మెట్లే వాడండి, పగ్ కాబట్టి చల్లటి పూట మాత్రమే, అంతస్తు అంతస్తుకీ ఆగుతూ.