లంక ట్రాక్‌కి ఉమ్మడి బండి: కరెంటుదా, పెట్రోలుదా?

గౌతమి_రైడర్
ఎనిమిది మందిమి తలో కొంత వేసుకుని ప్రాక్టీసుకి ఒక ఉమ్మడి బండి కొనాలనుకుంటున్నాం. సగం మంది సెకండ్‌హ్యాండ్ 250 సీసీ ఫోర్‌స్ట్రోక్ మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసుల) పెట్రోలు బండి అంటున్నారు, సగం మంది ఎలక్ట్రిక్ డర్ట్ బైక్ అంటున్నారు. ఏటి మధ్య లంకలో ఉన్న మన ట్రాక్ సంగతి తెలిసిందే: ఏటివైపు ఇసుక, చేలవైపు నల్లమట్టి, గట్టు దాటితే రొయ్యల చెరువులు. ఏది నయమో కారణాలతో చెప్పండి. వీడియో లింకులు వద్దు.

నల్లమట్టి
ఆయ్, కూర్చున్నాం. కానివ్వండి.

పిస్టన్_బాబాయ్
ఇందులో చర్చ ఏముందండీ? లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే) శక్తి ఉంటుంది. ఏడు లీటర్ల ట్యాంకంటే 60 యూనిట్ల పైమాటే. ఎలక్ట్రిక్ మోటోక్రాస్‌లో అందరూ చెప్పుకునే స్టార్క్ వార్గ్, అదే బార్సిలోనా వాళ్ల బండి, మొదట వచ్చినప్పుడు బ్యాటరీ 6.5 యూనిట్లు. 80 హార్స్‌పవర్ అని మురిసిపోతారు గానీ, ఆ 80నీ వాడితే ఎంతసేపు వస్తుందో ఎవరూ చెప్పరు. పైగా మనది ఇసుక. గట్టి నేల మీద థ్రాటిల్ సగం వదిలి పోవచ్చు. ఇసుకలో వదిలారా, ముందు చక్రం దిగబడిపోతుంది. అంటే ల్యాపంతా లోడు మీదే.

ఏరేటర్
ఆ 60లో చక్రానికి ఎంత చేరుతుందో కూడా చెప్పండి మరి. పెట్రోలు ఇంజను నాలుగో వంతు ఇస్తే గొప్ప. మిగతాది సైలెన్సరులోంచీ రేడియేటరులోంచీ వేడిగా పోయేదే. మోటారు, కంట్రోలరు (మోటారుకి కరెంటు అందించే పెట్టె) కలిపి చూసినా ఎలక్ట్రిక్ బండి 85 శాతానికి తగ్గదు.

పిస్టన్_బాబాయ్
నాలుగో వంతే వేసుకోండి. 15 యూనిట్లు. మీది ఐదున్నర. అప్పటికీ రెండున్నర రెట్లు పైనే.

ఏరేటర్
మోటోక్రాస్‌లో నాలుగో వంతు కూడా రాదు, థ్రాటిల్ తెరిచి మూస్తూ ఉంటారు కాబట్టి. ఐదో వంతు వేసుకోండి.

పిస్టన్_బాబాయ్
ఐదో వంతు వేసినా 12. పన్నెండు పెద్దదా, ఐదున్నర పెద్దదా? లెక్కల మాస్టారు ఎవరైనా ఉంటే చెప్పండి.

కొబ్బరి_మట్ట
ఈ వంతుల గొడవ తెల్లారదు గానీ, ఆ బండి అసలు ధరెంత? దిగుమతి సుంకం కలిపి ఎనిమిది మంది వేసుకోగలిగేదేనా?

ఏరేటర్
వార్గ్ కొనమని నేనెక్కడన్నాను, ఆ పేరు తెచ్చింది బాబాయ్ గారు. మనకి సర్రాన్ లైట్ బీ లాంటిది చాలు: 60 వోల్టుల సిస్టం, బ్యాటరీ సుమారు 2 యూనిట్లు, బండి బరువు అరవై కిలోల లోపే. లేదంటే 2025 మార్చిలో అల్ట్రావయొలెట్ ప్రకటించిన షాక్‌వేవ్: 4 యూనిట్లు, 120 కిలోలు, 14.5 హార్స్‌పవర్. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక మోటో (అంటే ఒక రేసు) కూడా 30 నిమిషాలు, పైన రెండు ల్యాపులు. మన కుర్రాళ్లకి పావుగంటకే ముంజేతులు బిగుసుకుపోయి హ్యాండిల్ జారుతుంది. వాళ్లు దిగేలోపు బ్యాటరీ దిగదు.

పిస్టన్_బాబాయ్
ఒక్కడు దిగితే రెండోవాడు ఎక్కుతాడు కదండీ! ఉమ్మడి బండి అన్నారు. ఎనిమిది మంది వంతులేసుకుంటే కుర్రాళ్లకి విశ్రాంతి గానీ బండికి లేదు. మూడో కుర్రాడి దగ్గరే బ్యాటరీ ఖాళీ. అప్పుడు వేడి మీదున్న బ్యాటరీకి వెంటనే చార్జింగ్ పెట్టకూడదు. మే నెలలో మన దగ్గర నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ముప్పావుగంట చల్లారాలి, ఆ తర్వాత రెండు మూడు గంటల చార్జింగ్. మిగతా ఐదుగురూ గట్టు మీద కూర్చుని ముంజలు తినాలా? నా బండికి ట్యాంకు నింపడానికి రెండు నిమిషాలు.

ఏరేటర్
రెండు నిమిషాలు పెట్రోలుకి. మిగతావి ఎవరు చెప్తారు? ఇసుకలో తిరిగిన ప్రతిసారీ ఫోమ్ ఫిల్టరు కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి, పిండి, అంచుకి గ్రీజు రాసి బిగించాలి. ఒక్కసారి బద్ధకిస్తే సన్న ఇసుక లోపలికి పోయి సిలిండర్ గీసుకుపోతుంది. ఆయిల్ ఐదు నుంచి పది గంటలకోసారి. పిస్టన్ కంపెనీని బట్టి 15 గంటలకని ఒకడు, 50 గంటలకని ఒకడు రాస్తాడు. వాల్వు క్లియరెన్సు సరేసరి. ఎనిమిది మంది తొక్కే బండికి 50 గంటలు ఎన్నాళ్లండీ? అందులోనూ సెకండ్‌హ్యాండ్‌ది. అవర్ మీటరు (ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపేది) మార్చారో లేదో అమ్మినవాడికే తెలియాలి.

నల్లమట్టి
క్లచ్ ప్లేట్లు మర్చిపోయారు. నేర్చుకునేవాళ్లు నల్లమట్టిలో హాఫ్ క్లచ్ మీద లాగితే ప్లేట్లు మాడి ఆయిల్ నల్లబడుతుంది. బురద రేడియేటర్ జాలీలో ఎండిపోయిందంటే గాలి ఆడక కూలెంట్ మరిగిపోతుంది. ఇక్కడ అనుకుంటున్న చిన్న ఎలక్ట్రిక్ బళ్లకి ఈ రెండూ లేవు. దేని పక్షమూ కాదు, ఉన్నమాట.

పిస్టన్_బాబాయ్
బురద మాట వచ్చింది గనక నీళ్ల మాటా తేలుద్దాం. పెట్రోలు బండి బోదెలో పడి నీళ్లు మింగిందనుకోండి, ఏం చెయ్యాలో ఇక్కడ అందరికీ తెలుసు: స్టార్టు కొట్టకుండా ముందు స్పార్క్ ప్లగ్గు విప్పి, కిక్ మెల్లగా తొక్కి నీళ్లు బయటికి తోసి, ఫిల్టరు బాక్సు తుడిచి, ఆయిల్ చూసి, పాలలా తెల్లబడి ఉంటే రెండుసార్లు మార్చాలి. సాయంత్రానికి బండి మళ్లీ ట్రాక్ మీద. మీ కంట్రోలర్లోకి నీళ్లు పోతే?

ఏరేటర్
పోవు. ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరబడవని చెప్పే రేటింగ్) ఉన్నది చూసి కొంటే మీటరు లోతులో అరగంట మునిగినా ఏమీ కాదు.

పిస్టన్_బాబాయ్
ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారండీ బాబూ. మన చెరువుల్లోది ఉప్పునీరు. కనెక్టర్ పిన్ను మీద పచ్చగా చిలుము పట్టడానికి మునగక్కర్లేదు, సముద్రపు గాలి చాలు. ఇంకోటి, ఐపీ67 మునగడానికే. ట్రాక్టర్లు కడిగే ప్రెషర్ వాటరు దానికి లెక్కలోకి రాదు. బురద పోవాలని మనవాళ్లు ఆ గన్ను తిన్నగా కనెక్టర్ల మీదే పెడతారు.

ఏరేటర్
బకెట్టు, బ్రష్షు ఉండగా గన్ను ఎందుకు? కనెక్టర్లకి ఏడాదికి రెండుసార్లు డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనిది) పెడితే చిలుము రాదు. వరదల నెలల్లో లంక మునిగి బండి మూలన పడితే మీ కార్బురేటర్ గతేంటి? ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది. తేమ పీల్చుకుంటుంది. ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్ కింది పెట్రోలు గిన్నె) ఖాళీ చెయ్యకుండా మూడు నెలలు వదిలేస్తే జెట్లు, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలు, మూసుకుపోతాయి. బ్యాటరీని సగం చార్జిలో పెట్టి డాబా మీద గదిలో ఉంచితే చాలు.

కొబ్బరి_మట్ట
సౌండు సంగతి ఎవరూ ఎత్తలేదు. మేమిచ్చిన దారిలోనే మీరు ట్రాక్‌కి వెళ్తున్నారు. ఆదివారం పొద్దున్నే ఆ మోతకి మా ఇంట్లో వాళ్లు నన్ను తిడుతున్నారు. ఎలక్ట్రిక్ అయితే దారి గురించి ఇంకెవరూ మాట్లాడరు.

పిస్టన్_బాబాయ్
సైలెన్సర్ ప్యాకింగ్ కొత్తది వేస్తే సగం మోత తగ్గుతుంది. దానికి బండే మార్చాలా? ఇంకో మాట. అమెరికాలో ఆల్టా అని ఒక ఎలక్ట్రిక్ మోటోక్రాస్ కంపెనీ ఉండేది. బండి బాగుందని అందరూ మెచ్చుకున్నారు. 2018లో మూతపడింది. కొన్నవాళ్లకి బ్యాటరీ పోతే దిక్కెవరు? పిస్టన్ కంపెనీ మూతపడినా ఇంకొకడు చేసిన పిస్టన్ దొరుకుతుంది.

గౌతమి_రైడర్
ఇది మంచి పాయింటు. సరే, ఎలక్ట్రిక్ అయితే చార్జింగ్ ఎక్కడ? ట్రాక్ దగ్గర కరెంటు లేదు కదా.

ఏరేటర్
మా చెరువు షెడ్డులో త్రీఫేజ్ ఉంది, కరెంటు పోతే జనరేటర్ ఉంది. బండి అక్కడే పెట్టుకోవచ్చు. రాత్రి చార్జి పెడితే తెల్లారేసరికి రెడీ.

పిస్టన్_బాబాయ్
వచ్చింది. దీనికోసమే చూస్తున్నా. మూడు రోజుల నుంచి యూనిట్లు, వంతులు, ఐపీ67. అసలు కథ ఇదీ. డబ్బులు ఎనిమిది మందివి, బండి మీ షెడ్డులో. పోయినేడు అందరం కలిసి కొన్న కంప్రెసర్ ఎక్కడుందండీ? మీ షెడ్డులోనే. టైరుకి గాలి కొట్టుకోవాలంటే మీకు ఫోన్ చెయ్యాలి, మీరు ఎత్తాలి.

ఏరేటర్
మాటలు జాగ్రత్త. కంప్రెసర్ ఎవరింట్లో పెట్టుకుంటారని అడిగితే అప్పుడు ఒక్కరూ చెయ్యెత్తలేదు. పెట్రోలు బండైతే ఎక్కడుంటుంది? మీ మెకానిక్ షాపులో. విప్పేది మీరు, బిల్లు రాసేది మీరు. పిస్టన్ మార్చాలో వద్దో చెప్పేదీ మీరే. నేను ఎలక్ట్రిక్ అంటున్నది అందుకే. బాగోగులు ఒక మనిషి చేతిలో ఉండకూడదని.

నల్లమట్టి
బండేదైనా తాళం ఎవరి దగ్గరన్నదే గొడవన్నమాట. మొదటిరోజే అనుంటే ఇథనాల్ దాకా పోయేవాళ్లం కాదు.

కొబ్బరి_మట్ట
ఏరేటర్ గారూ, ఇంకో చిక్కు. మీ చెరువుది రాయితీ కనెక్షన్ అయితే దాన్నుంచి బండి చార్జి చెయ్యకూడదు. పట్టుకుంటే పెనాల్టీ ఎవరు కడతారు? జనరేటర్ మీద చేస్తే చిన్న సెట్టు లీటరు డీజిల్‌కి మూడు యూనిట్లు ఇవ్వడమే ఎక్కువ.

ఏరేటర్
ఇంటి మీటరు నుంచి లాగుతాను. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ ప్లగ్గు, విడిగా ఎంసీబీ. సబ్ మీటరు పెడతాను, రీడింగ్ ఫొటో గ్రూపులో పెడతాను. అప్పుడైనా నమ్ముతారా?

పిస్టన్_బాబాయ్
రీడింగ్ కాదండీ, తాళం. రెండో తాళం.

గౌతమి_రైడర్
బాబాయ్, మీ షాపులో పెడితే మీరూ రెండో తాళం ఇస్తారా మరి? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి, ఆ తర్వాత ఓటింగ్ పెడతాను.

పిస్టన్_బాబాయ్
షాపు తాళం ఎలా ఇస్తానండీ, లోపల కస్టమర్ల బళ్లుంటాయి.

నల్లమట్టి
ఆయ్.