ఏది సరైనదో తెలిసీ చేయలేక నలిగిపోతున్న నర్సుకి ఎలా అండగా ఉండాలి?

ఎమర్జెన్సీలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వండి. నేను ఎమర్జెన్సీ వార్డులో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని. మా జూనియర్ నర్సు ఒకమ్మాయి గురించి బెంగగా ఉంది.

క్యాన్సర్ చివరి దశలో ఉన్న ఒక పెద్దాయనకి గుండె ఆగింది. ఇంట్లోవాళ్లు పట్టుబట్టడంతో సీపీఆర్ చేశారు. ఛాతీ నొక్కుతుంటే పక్కటెముకలు విరగడం ఆ అమ్మాయి చేతులకి తెలిసింది. ఆయన దక్కలేదు. కాస్త కూర్చునే వ్యవధి కూడా లేకుండా పక్క బెడ్‌కి వెళ్లి సెలైన్ పెట్టాల్సి వచ్చింది. ఇప్పటికీ పనిలో వంక పెట్టడానికి లేదు. మందులు, బీపీ అన్నీ టైముకి చూస్తుంది. కానీ పేషెంట్ మొహంలోకి చూడదు. ఇదివరకు సూది గుచ్చే ముందు "కొంచెం ఓర్చుకోండమ్మా" అని చెయ్యి నిమిరేది.

1984లో ఆండ్రూ జేమ్టన్ అనే తత్వవేత్త 'మోరల్ డిస్ట్రెస్' (సరైనదేదో తెలిసీ చేయలేకపోవడం వల్ల కలిగే వేదన) అని వివరించింది ఇలాంటి బాధనే. ఇది ఒట్టి అలసట కాదు, రెండ్రోజులు సెలవిస్తే పోదు. దీన్ని 0 నుంచి 10 వరకు గుర్తించే స్కేల్ కూడా ఉంది. కొలిచాక ఏం చేయాలన్నదే నా సందేహం.

ఇలాంటి కేసు తర్వాత మీ టీమ్ కూర్చుని మాట్లాడుకుంటుందా? అంత రద్దీలో టైమ్ ఎలా దొరుకుతుంది? డాక్టర్ నిర్ణయం మీద నర్సు తన అభ్యంతరం భయపడకుండా చెప్పే దారి మీ దగ్గర ఉందా? "అలవాటైపోతుందిలే" అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఈ దశ దాటి వచ్చినవాళ్లు చెప్పండి, అప్పుడు మీ సీనియర్లు ఏం చేస్తే మీకు నిజంగా ఊరట కలిగింది?